ఐస్ ఫిషింగ్‌కి స్నోషూలు: సైజు, స్లెడ్, స్లష్

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రం వేసుకుని, ఇన్నాళ్లూ ఒడ్డుకి దగ్గర్లోనే కూర్చుని చేపలు పట్టారు. ఈసారి స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) కట్టుకుని, సామాను స్లెడ్ (మంచు మీద జారే, చక్రాల్లేని బండి) మీద లాక్కుంటూ ఒకటిన్నర రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్దామనుకుంటున్నారు. ఏ సైజు తీసుకోవాలి, బైండింగ్ (బూటుని స్నోషూకి బిగించే పట్టీలు) ఎలాంటిది ఉండాలి, స్లెడ్ ఎలా లాగాలి అని అడిగారు. చివర్లో ఇంకో మాట కలిపారు: "స్నోషూ వేసుకుంటే బరువు పరుచుకుంటుంది కదా, ఐస్ కాస్త పల్చగా ఉన్నా పర్వాలేదా?"

ఆ చివరి మాటకే ముందు జవాబు చెప్తాను. పర్వా ఉందండీ, చాలా ఉంది.

మనకి స్నోకీ ఐస్‌కీ కలిపి మంచు అనే ఒక్క మాటే ఉండటంతో ఈ తికమక ఇంకా పెరుగుతుంది. అందుకని ఇక్కడ మంచు అంటే పైన పడ్డ మెత్తటి మంచు అనీ, ఐస్ అంటే కింద నీటి మీద గట్టిపడ్డ పలక అనీ పెట్టుకుందాం. స్నోషూ పని మంచు మీద. మంచు మెత్తన కాబట్టి అడుగు వెడల్పయితే తక్కువ దిగబడుతుంది, అంతే. ఐస్ సంగతి వేరు. మీరు దాని మీద నిలబడితే ఆ పలక మీ చుట్టూ రెండు మూడు మీటర్ల మేర సన్నగా వంగుతుంది. అంత వెడల్పున వంగే పలకకి మీ పాదం ఒక అడుగు పొడవుందా, రెండున్నర అడుగులుందా అన్నది పెద్ద లెక్కలోకి రాదు. కొద్దిగా తేడా ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకుని అడుగు వేసేంత కాదు. ఐస్ పగిలేలా ఉన్నప్పుడు బోర్లా పడుకుని పాకమంటారు. మనిషి నిలువెల్లా పరుచుకుంటే అప్పుడు ఆ రెండు మూడు మీటర్లతో పోల్చదగ్గ పొడవు వస్తుంది. అందుకే పాకడం పనిచేస్తుంది, స్నోషూ పనిచేయదు.

ఇంకో లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. ఐస్ మోసే బరువు దాని మందానికి వర్గంగా పెరుగుతుంది. 4 అంగుళాల ఐస్ మోసేదాంట్లో 2 అంగుళాల ఐస్ సగం కాదు, పావు వంతే మోస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర సహజ వనరుల శాఖ నడిచేవాళ్లకి చెప్పేది కనీసం 4 అంగుళాలు, అదీ కొత్తగా కట్టిన తేటైన ఐస్ అయితేనే. పాలలా తెల్లగా ఉన్న ఐస్‌కి బలం దాదాపు సగమే, కాబట్టి దానికి రెట్టింపు మందం కావాలి. స్నోషూ ఉన్నా లేకపోయినా ఈ అంకెలు మారవు.

పైగా, స్నోషూ అవసరమైందంటేనే పైన లోతుగా మంచు ఉందని అర్థం కదా. ఆ మంచు కింద ఐస్ ఎలా ఉందో కంటికి కనిపించదు. మంచు దుప్పటిలా కప్పి చలిని కిందికి దిగనివ్వదు, అందుకని ఐస్ మందం కావడం నెమ్మదిస్తుంది. బోడిగా ఉన్న చోట అడుగు మందం కట్టిన ఐస్, పక్కనే గాలికి మంచు మేట వేసిన చోట అందులో సగం ఉండొచ్చు. కాబట్టి స్నోషూ కొనేముందు స్పడ్ బార్ కొనండి. మన గునపం లాంటిదే, కొస ఉలిలా ఉంటుంది. ఒక చేతిలో పోల్ (ఊతకర్ర), ఇంకో చేతిలో ఇది. నాలుగైదు అడుగులకోసారి మంచులోంచి దించి ఐస్‌ని గట్టిగా ఒక్క పోటు పొడవాలి. ఖంగుమంటే నడవండి. దబ్‌మని చప్పబడ్డ చప్పుడొచ్చినా, కొస దిగబడినా వచ్చిన దారినే వెనక్కి రండి. వాగు వచ్చి కలిసే చోటు, నీళ్లు బయటికి పోయే చోటు, రెండు ఒడ్లు దగ్గరపడే ఇరుకు, తుంగ మొలిచిన అంచులు: వీటి దగ్గర పొడిచి చూడటం కూడా వద్దు, చుట్టూ తిరిగి పొండి.

ఇక సైజు. స్నోషూ మీద రాసి ఉండే బరువు మీ ఒంటి బరువు కాదు. బట్టలు, బూట్లు, వీపు మీది సంచీ అన్నీ కలిపి. సుమారుగా 25 అంగుళాలది 80 కిలోల దాకా, 30 అంగుళాలది 100 దాకా, ఆపైన 36 అని పెట్టుకోండి. సామానంతా స్లెడ్ మీదే ఉంటుంది కాబట్టి ఆ బరువు కలపక్కర్లేదు, కానీ చలికాలపు బట్టలూ బూట్లే 6, 7 కిలోలు తూగుతాయని మరిచిపోకండి. నా ఓటు చాలామందికి 30 అంగుళాలదానికే. 36 వేసుకుంటే పొడి మంచులో తేలినట్టే ఉంటుంది గానీ, రంధ్రం చుట్టూ నాలుగు అడుగులు తిరగాలంటే నా కాలు నేనే తొక్కుకుని పడ్డ సందర్భాలు లెక్కలేనన్ని. ఇంకో సంగతి, తేలడం అంటే పైపైన నడవడం అనుకోకండి. కొత్తగా పడ్డ పొడి మంచులో ఏ స్నోషూ అయినా జానెడు దిగుతుంది. మోకాలి దాకా దిగబడాల్సింది జానెడుతో ఆగిందంటే దాని పని అది చేసినట్టే.

ఉత్తర అమెరికా ఆదివాసులు వందల ఏళ్లుగా నేలని బట్టి ఆకారం మార్చుకున్నారు. చెట్ల మధ్య తిరగడానికి గుండ్రటి బేర్‌పా, బయలు సరస్సుల మీద తిన్నగా సాగిపోవడానికి రెండు కొసలూ మొనదేలి పొడుగ్గా ఉండే ఓజిబ్వే. మీ అవసరం రెండోదానికి దగ్గర. కానీ కర్ర చట్రమూ పచ్చితోలు అల్లికా ఉన్నవి ఐస్ ఫిషింగ్‌కి నేను సిఫారసు చేయను. చూడ్డానికి ఎంత అందమో అంత అందం, పొడి మంచులో చప్పుడు కూడా చేయవు, కానీ తోలు నీళ్లు తాగితే సాగి వేలాడుతుంది. సరస్సు మీద నీళ్లు తగలకుండా రోజు గడవదు. అల్యూమినియం చట్రం గానీ, మొత్తం ప్లాస్టిక్‌తో పోత పోసింది గానీ తీసుకోండి. మడమ ఎత్తి పెట్టే కడ్డీలకి ఎక్కువ డబ్బు పెట్టొద్దు, అవి కొండలెక్కేవాళ్లకి.

బైండింగ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఇక్కడ రెండు చూడాలి. ఒకటి, మీ ఐస్ ఫిషింగ్ బూటు పడుతుందా అన్నది. లోపల ఉన్ని లైనర్ ఉన్న ఆ బూట్లు మామూలు నడక బూట్లకి ఒకటిన్నర రెట్లు లావు. కొట్లో మామూలు బూటుతో చూసుకుని తెచ్చుకుంటే, సరస్సు ఒడ్డున పట్టీ చివరి రంధ్రం దాకా కూడా రాదు. రెండోది, పట్టీ దేనితో చేశారన్నది. నైలాన్ నేత పట్టీ తడిసిందంటే గడ్డకట్టి రేకులా బిగుసుకుంటుంది, బకిల్‌లోంచి అటూ కదలదు, ఇటూ కదలదు. సాగే రబ్బరు తరహా పట్టీకి రంధ్రాలూ, వాటిలో దూరే చిన్న లోహపు ముల్లూ ఉంటే చాలు. నీళ్లు పీల్చదు, గడ్డకట్టినా బొటనవేలితో ఒక్క తోపు తోస్తే ఐస్ పెళుసుగా రాలిపోతుంది. కొన్నాక ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోండి: మీ లావాటి గ్లోవ్స్ వేసుకుని, కళ్లు మూసుకుని, ముప్పై సెకన్లలో రెండు కాళ్లకీ విప్పగలరా? విప్పలేకపోతే ఆ బైండింగ్ మీకు పనికిరాదు. ఎందుకో కిందకొస్తే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు శత్రువు, స్లష్, అంటే మంచూ నీళ్లూ కలిసిన బురద. దీని గురించి మీరు అడగలేదు, నేనూ మొదటి ఏడాది ఎవర్నీ అడగలేదు.

ఐస్ నీటి కంటే ఓ 8 శాతం తేలిక. అంటే 30 సెంటీమీటర్ల ఐస్ పలక నీటి మట్టం కంటే రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే పైకి తేలుతుంది. దాని మీద మంచు పడుతుంది. కాస్త కుదురుకున్న మంచు నీటి బరువులో అయిదో వంతు ఉంటుందనుకుంటే, పన్నెండు పదమూడు సెంటీమీటర్ల మంచుకే ఆ రెండున్నరా ఖర్చయిపోయి ఐస్ పైభాగం నీటి మట్టానికి దిగుతుంది. జానెడు మంచు కూడా కాదది. అంతకంటే ఎక్కువ పడిందంటే ఐస్ మట్టం కిందికి పోయి, ఎక్కడ చిన్న పగులు దొరికినా నీళ్లు పైకి ఊరతాయి. ఊరి, మంచు కింద నిలుస్తాయి. పైన గాలి మైనస్ 25 ఉన్నా, మంచు దుప్పటి కింద ఆ నీళ్లు గడ్డకట్టకుండా రోజుల తరబడి అలాగే ఉంటాయి. పైనుంచి చూస్తే తెల్లటి, చదునైన, ముచ్చటైన మైదానం. అడుగు పెడితే దమ్ము చేసిన మడి.

నేనూ ఒక స్నేహితుడూ ఓ అఖాతం అడ్డంగా దాటుతూ అందులో దిగాం. సగం దూరం పోయాక అడుగు పెట్టిన చోటల్లా మంచు బూడిదరంగుకి తిరగడం మొదలైంది. ఇది గమనించాల్సిన గుర్తు, వెనక్కి తిరిగి మీ అడుగుజాడల రంగు చూసుకుంటూ ఉండండి. మేం చేసిన తప్పు ఏమిటంటే, "ఏంటబ్బా ఇది" అంటూ ఆగి మాట్లాడుకున్నాం. ఆ రెండు నిమిషాల్లో తడిసిన స్నోషూని పైకెత్తి చలిగాలికి చూపించగానే స్లష్ మొత్తం డెక్ (చట్రం మధ్య పరిచిన పలక) మీద, అడుగున జారకుండా పట్టుకునే పళ్ల మధ్య గట్టిపడింది. దించాం, మళ్లీ తడిసింది, ఎత్తాం, మళ్లీ ఒక పొర. పది అడుగులకల్లా ఒక్కో కాలికి ఒక బండరాయి కట్టుకున్నట్టయింది. అటు స్లెడ్ అడుగున కూడా అంటుకుపోయి లాగితే కదలదు. స్నేహితుడు విసిగిపోయి స్నోషూలు విప్పేశాడు. విప్పగానే పిక్కల దాకా స్లష్‌లో దిగి బూట్లు నిండిపోయాయి. ఆ రోజు చేప మొహం చూడకుండానే ఇంటిదారి పట్టాం.

అందుకని, జాడ బూడిదరంగుకి తిరిగిందంటే ఆగొద్దు. స్నోషూ విప్పొద్దు. కింద ఐస్ గట్టిగానే ఉందని స్పడ్ బార్‌తో తెలిసినప్పుడు మాత్రమే ఈ సలహా, అది గుర్తుంచుకోండి. వచ్చిన దారి దగ్గరైతే వెనక్కి, లేకపోతే మంచు పల్చగా కనిపించే వైపు, అంటే గాలి ఊడ్చేసిన వైపు తిరిగి ఒకే నడకన బయటపడండి. పొడి మంచులోకి వచ్చాక స్నోషూల్ని ఆ పొడిలో బాగా దొర్లించండి. పొడి మంచు తడిని అద్దినట్టు పీల్చేసుకుంటుంది. తర్వాత మిగిలింది ప్లాస్టిక్ గీకుడు పలకతో గీకెయ్యొచ్చు. లోహపు కత్తితో గీకితే డెక్ చిరుగుతుంది. బయల్దేరేముందు డెక్ మీదా స్లెడ్ అడుగునా సిలికాన్ స్ప్రే కొడితే అంటుకోవడం తగ్గుతుంది, ఆగదు.

స్లష్‌కి ఇంకో విరుగుడు ఉంది, కానీ ఓపిక కావాలి. స్నోషూలతో తొక్కి దారి వేస్తే అక్కడ మంచు అణిగి దుప్పటి పల్చబడుతుంది, చలి కిందికి దిగుతుంది. రాత్రంతా గట్టి చలి కాస్తే ఆ దారిలోని స్లష్ గడ్డకడుతుంది. స్లష్ లేకపోయినా ఇది పనికొస్తుంది. తొక్కిన మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని కొన్ని గంటల్లో గట్టి బాటవుతుంది. వారాంతం రెండు రోజులూ వెళ్లేవాళ్లయితే మొదటి రోజు తేలిక సామానుతో వెళ్లి దారి వేసుకోండి. రెండో రోజు అదే బాట మీద స్లెడ్ దానంతటదే వస్తున్నట్టు వస్తుంది. ఒక్క రోజే అయితే, ఇద్దరిలో ఒకరు ఉత్త చేతులతో ముందు నడిచి బాట వెయ్యాలి, రెండోవాళ్లు స్లెడ్ లాగాలి, పది పదిహేను నిమిషాలకి మార్చుకోవాలి. ఇద్దరి మధ్యా ఎడం ఉండాలి, పక్కపక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకోవడం ఒడ్డు మీదే.

స్లెడ్‌ని చేత్తో లాగకండి, నడుము పట్టీకి తగిలించండి. తాడుతో అయితే చదునైన సరస్సు మీద ఇబ్బంది లేదు. ఒడ్డు నుంచి సరస్సులోకి దిగే వాలులో మాత్రం స్లెడ్ జారుకుంటూ వచ్చి స్నోషూ తోకల్ని, అంటే వెనక కొసల్ని, ఎక్కేస్తుంది, మీరు ముందుకి బోర్లా పడతారు. తేలికైన రెండు పైపులు తీసుకుని, వాటిలోంచి తాడు పోనిచ్చి, మధ్యలో ఒకదాన్నొకటి దాటేలా అడ్డంగా వేసి కడితే స్లెడ్ ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది, మలుపుల్లో కూడా మీ వెనకే వస్తుంది. నడుము పట్టీ మాత్రం ఒక్క నొక్కుడుతో ఊడొచ్చేది అయ్యుండాలి. ఆగర్ (ఐస్‌కి రంధ్రం వేసే బర్మా) లాంటి బరువైనవి స్లెడ్ అడుగున, మధ్యకి కాస్త వెనగ్గా. పెట్రోల్ ఆగర్ ఉంటే ఈ ప్రయాణానికి ఇంట్లో పెట్టేయండి. చేత్తో తిప్పేది 3, 4 కిలోలు, అది 12 కిలోలకి పైమాటే. డ్రిల్లుకి తగిలించే ఆగర్ ఉంటే ఇంకా హాయి.

నడక గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కాళ్లు కాస్త ఎడంగా, పాదం ఎక్కువ ఎత్తకుండా. వెనక్కి నడవొద్దు, తోక దిగబడి కూలబడతారు, అర్ధచంద్రాకారంగా తిరగండి. మొదటిసారి రెండు కిలోమీటర్లంటే మీకు చిన్నదిగా అనిపిస్తుంది గానీ, స్లెడ్‌తో లోతు మంచులో గంటకి రెండు కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే. మర్నాడు తొడల లోపలివైపూ, తొడ మొదట్లోనూ ఎన్నడూ తెలియని కండరాలు పలకరిస్తాయి. కెనడాలో బొచ్చు వ్యాపారం చేసిన ఫ్రెంచివాళ్లు ఈ బాధకి మాల్ ద రాకెట్ అని ఒక పేరే పెట్టుకున్నారు, స్నోషూ జబ్బు అని. నడిచేటప్పుడు చెమట పట్టనివ్వకండి. బయల్దేరినప్పుడు కాస్త చలిగా అనిపించేంత పల్చగా వేసుకుని, మందపాటి జాకెట్ స్లెడ్ మీద పెట్టి, కూర్చోగానే తొడుక్కోండి. నీళ్లలో పడితే మనిషిని తేల్చే సూటు ఉంటే మాత్రం అది ఒంటి మీదే, జిప్పులు తెరిచి. నీళ్లలో పడ్డాక స్లెడ్ మీద ఉన్న సూటు ఎవరికి పనికొస్తుంది?

పడటం గురించి కూడా చెప్పేస్తాను. అనుమానం ఉన్న చోటు దాటక తప్పకపోతే ముందే స్నోషూ పట్టీలు వదులు చేసుకోండి, పోల్ తాళ్లలోంచి మణికట్టు తీసేయండి, స్లెడ్ పట్టీ బకిల్ మీద ఒక చెయ్యి ఉంచండి. కాలికి స్నోషూ ఉండగా నీళ్లలో పడితే అది వెడల్పాటి పలకలా నీటిని పట్టుకుంటుంది, ఐస్ అంచు కింద తగులుకుంటుంది, కాళ్లు పైకి తేల్చి తన్నుకోవడం కష్టమవుతుంది. ముప్పై సెకన్ల పరీక్ష పెట్టింది అందుకే. కెనడాలోని మానిటోబా యూనివర్సిటీలో చలి ప్రభావాల మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే 1-10-1 లెక్క మనసులో ఉంచుకోండి: ఊపిరి అదుపులోకి తెచ్చుకోడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ చెప్పినమాట వినేది ఓ 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. చాలామంది మొదటి నిమిషంలోనే గాభరాపడి ఆ పదినీ పోగొట్టుకుంటారు. వచ్చిన వైపుకే తిరగండి, ఇప్పటిదాకా మిమ్మల్ని మోసిన ఐస్ అదే. మెడలో వేలాడే ఐస్ పిక్‌లు (పిడి ఉన్న పదునైన మేకులు) ఐస్‌లో గుచ్చి, కాళ్లు తన్నుతూ పొట్ట మీద పైకి జారండి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం వెళ్లండి. పిక్‌లు సంచీలో ఉంటే లేనట్టే లెక్క.

చేరాక స్నోషూలు వెంటనే విప్పకండి. కూర్చునే చోటు చుట్టూ నాలుగైదు మీటర్లు బాగా తొక్కండి, ఆ తర్వాత రంధ్రం వేసే చోట మంచు పారతో ఐస్ దాకా తీసేయండి. మొదటి రంధ్రం ఒక్కటే వేసి ఆగి చూడండి. మంచు బరువుకి ఐస్ కుంగి ఉంటే ఆగర్ కొస ఐస్ దాటి నీళ్లలోకి దిగగానే నీళ్లు ఊటలా పైకి తన్నుకొచ్చి చుట్టూ పరుచుకుంటాయి. అలా వస్తే ఇంకో చోటు వెతుక్కోవడమే మేలు, పది రంధ్రాలు వేశారంటే మీ చుట్టూ మీరే స్లష్ తయారుచేసుకున్నట్టు. ఒకసారి నేను స్నోషూలు విప్పి రంధ్రం పక్కన వెల్లకిలా పడేశాను. ఊరిన నీళ్లు వాటి కిందకి పాకాయి. సాయంత్రం బయల్దేరబోయేసరికి అవి సరస్సులో భాగమైపోయాయి. స్పడ్ బార్‌తో చుట్టూ చెక్కి తీసేటప్పటికి చీకటి పడింది, ఒకదాని డెక్ చిరిగింది. అప్పట్నించీ విప్పగానే తోక కిందికి పెట్టి మంచులో నిలువుగా గుచ్చడం అలవాటైంది. దూరం నుంచి మన చోటు గుర్తుపట్టడానికి కూడా బాగుంటుంది. స్నోషూతో రంధ్రం దగ్గరికి వచ్చి మాత్రం చేపని ఎత్తే ప్రయత్నం చేయొద్దు, అడుగున ఉన్న పళ్లకి లైను తగిలిందంటే పుటుక్కున తెగుతుంది.

స్నోషూ అక్కర్లేని రోజులు కూడా చాలా ఉంటాయి. మంచు జానెడు లోపు ఉంటే బూట్లే చాలు. గాలి ఊడ్చి ఐస్ నిగనిగలాడుతుంటే స్నోషూ పళ్లు పట్టుకుంటాయి గానీ త్వరగా మొద్దుబారతాయి, అక్కడ బూటుకి తొడిగే మేకుల పట్టీలే మంచివి. పెద్ద సరస్సులో ఈ రెండు రకాలూ ఒకే దారిలో తగులుతాయి కాబట్టి ఆ పట్టీలు జేబులో ఉంచుకోండి. రెండూ ఒకేసారి తొడగొద్దు, మేకులు స్నోషూ డెక్‌ని చీలుస్తాయి.

తిరుగు ప్రయాణానికి వెలుతురు మిగుల్చుకోండి. గాలి లేస్తే పొద్దుట వేసిన బాట అరగంటలో పూడిపోతుంది, తెల్లటి గాలిలో తెల్లటి సరస్సు మీద ఒడ్డు ఎటో తెలియదు. వెళ్లేటప్పుడే దిక్సూచిలో దిశ చూసి రాసుకోండి, ఫోన్ బ్యాటరీ ఆ చలిలో ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పలేం. ఇంటికొచ్చాక స్నోషూల్ని హీటర్ పక్కన కాకుండా మామూలు గదిలో నిలబెట్టి ఆరనివ్వండి, రివెట్లు వదులయ్యాయేమో వేలితో కదిపి చూడండి, పళ్లు మొద్దుబారి ఉంటే సన్నటి ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దండి.